హాట్‌స్పాటు దాంపత్యము

శరదృతువు పండి హేమంతమునకు త్రోవ నొసంగుచున్న యొకానొక ప్రాతఃకాలమున డాన్యూబు మహానదీ తీరంబున విలసిల్లు వియన్నా మహానగరము హరిద్రారుణ పర్ణాస్తృతంబులైన రాజమార్గంబులతోడను తుషారావగుంఠితంబులైన ప్రార్థనామందిర శిఖరంబులతోడను ఘంటికాధ్వని ముఖరితంబులైన ట్రాముబండ్లతోడను మెల్లమెల్లగ నిద్ర మేల్కాంచుచుండెను. చక్రవర్తులు విడిచిపోయిన సౌధంబుల పైకప్పులయందు బాలాతపము బంగారునీరు పూసినట్లుండెను. వీథుల కిరుగెలంకుల నిలిచిన మహావృక్షంబులు గాలి సోకినప్పుడెల్ల గుప్పెడేసి యాకులను బాటసారుల భుజంబులపై రాల్చుచుండెను. చూచువారికి కన్నుల పండువుగ నుండిన సమయమది.

అట్టి పండువును కన్నులుండియు చూడని పురుషుడొక్కడు ఆ వీథిని నడచుచుండెను. కాకినాడ నగర వాస్తవ్యుడును విద్యుచ్ఛాఖయందు చిరకాలము ఇంజనీరు పదవిని నిర్వహించి విశ్రాంతి గైకొన్నవాడును మితవ్యయ వ్రతదీక్షా ధురంధరుడును నగు ఆ మహనీయుని పేరు పసుమర్తి శేషావతారము. ఫోను తెరపైని నీలిచుక్క యెటు కదలిన తానటు కదలుచు అది నిలిచిన తానును నిలుచుచు ఆయన వియన్నా నగరమును ఆసాంతము తన యఱచేతియందే దర్శించుచుండెను. ఆయనకు పది యడుగుల వెనుక ధర్మపత్ని హైమవతమ్మ నడచుచుండెను. పది యడుగులని నేను వ్రాసినది అలంకారము కొఱకు గాదు. అంతకు మించి వెనుకబడినచో ఆమె చేతిలోని ఫోను మూగవోవును.

ఈ వింత ముడి పడిన విధంబు చెప్పెదను. విదేశములకు పోవువారు ఆయా దేశములయందు నెట్టు వాడుకొనుటకై యీసిమ్మను సాధనమొకటి ఈ కాలమున పుట్టినది. అది కంటికి కానరాదు. చేతికి చిక్కదు. ఇంట కూర్చుండి కొనుక్కొని చదరపు గీతల చిత్రము నొకదానిని కెమెరాకు చూపినంతనే ఫోను గర్భమున చేరి విమానము దిగినతోడనే పని మొదలిడును. మేనకోడలు వైజయంతి ఇట్టి వ్యవహారములయందు నేర్పరి గావున మేనమామకొకటియు అత్తకొకటియు తానే తీయబోవగా శేషావతారము ఆమెను వారించి నవ్వెను.

"ఒక ఇంటికి రెండు మీటర్లెందుకే? నా సర్వీసంతా అలాంటివాళ్ళని పట్టుకోడంతోనే సరిపోయింది. నా ఫోన్లో హాట్‌స్పాట్ పెడతాను. మీ అత్త నా వెనకాలే ఉంటుందిగా."

హాట్‌స్పాటనగా ఒకరి ఫోనులోని నెట్టును చెంతనున్న మఱియొకరి ఫోనునకు గాలిలో పంచియిచ్చు నేర్పాటు. చెంతనున్నంతవరకే యను మాటను మాత్రము ఆ ఇంజనీరు పట్టించుకొనలేదు. అంతటితో పోక పరదేశమున పొరపాటున నొక ఫోను కాలు వచ్చినను బిల్లు పగిలిపోవునను భయముచేత ఇద్దరి దేశవాళీ సిమ్ములను ఊడబెఱికి దూదిలో చుట్టి బీరువాలో నుంచి తాళము వేసెను. వైజయంతి తల పట్టుకొనెను. చాదస్తపు మగడు చెప్పిన వినడు గిల్లిన నేడ్చునని పెద్దలు ఊరక చెప్పలేదు. చెప్పుటయు గిల్లుటయు రెండును హైమవతమ్మ యెన్నడో మానివేసెను.

దాని ఫలము వియన్నాలో దిగిన నాటినుండి ఆమె యనుభవించుచుండెను. ఒక జలయంత్రము చెంత నిలిచి నీటి తుంపరలు చూచుచుండగా మగడు మలుపు తిరుగును. నెట్టు పోవును. ఒక యంగడి యద్దములో పింగాణి గిన్నెలు చూడబోవును. నెట్టు పోవును. బ్యాటరీ వేడెక్కుచున్నదని ఆయన మాటిమాటికి హాట్‌స్పాటును కట్టివేయుటయు నొకటి. పెండ్లియైనది మొదలు తనకై నోరు తెఱచి యడిగి యెఱుగని ఆ యిల్లాలు ఒక్కసారి పెట్టండని నడివీథిలో నిలిచి యడుగవలసి వచ్చెను. పిల్లికి బిచ్చము పెట్టని ఆ చేయి ఎంతో యాలోచించి ఒక నిముషము పెట్టి మఱల తీసివేయుచుండెను. చెఱువంత నెట్టు కొని యుద్ధరిణెతో పంచు ఈ పురుషుని గూర్చి వ్రాయుచున్న నాకే విసుగు పుట్టుచున్నది. వెంట నడచినదాని మాట వేఱుగ చెప్పనేల?

నిజమునకీ యాత్రను తలపెట్టినది హైమవతమ్మయే. ఆమె సౌధములు చూడ రాలేదు. పిఠాపురమందలి బాలికల పాఠశాలలో ఒకే బల్లపై కూర్చుండి ఒకే సీసాలోని సిరాను పంచుకొని చదువుకొన్న రుఖియా బేగమను నెచ్చెలి నర్సుగా ఈ నగరమునకు వచ్చి యిచటనే స్థిరపడి నాలుగు పదుల యేండ్లు గడచెను. తీరిక దొరకినప్పుడెల్ల ఫోనులో మాటలాడుకొనుటయే గాని ఆ యేండ్లన్నిటిలో వారు ఎదురెదురుగ కూర్చుండి యెఱుగరు. ఇప్పుడు రుఖియా మోకాళ్ళు సడలి ఒంటరిగ నుండజాలక ఇల్లు ఖాళీచేసి నార్వే దేశముననున్న కూతురి చెంతకు శాశ్వతముగ పోవుచుండెను. పయనము ఆ సాయంకాలమే. మధ్యాహ్నము తన యింట కూర్చుండి భోజనము చేసి మాటలాడుకొందమనియు ఉదయముననే చిరునామా పంపెదననియు ఆమె చెప్పియుండెను. ఈ దినము దాటినచో ఈ జన్మమున మఱల చూపులు కలియుట కల్లయని యిరువురును ఎఱుగుదురు.

ఆ యుదయమున ఉపాహార సమయమున హైమవతమ్మ హాట్‌స్పాటు పెట్టుడని యడిగెను. శేషావతారము రొట్టెకు వెన్న రాచుకొనుచు తల యెత్తకయే బదులిచ్చెను.

"మధ్యాహ్నం కలిసే మనిషికి పొద్దున్నే కంగారెందుకు? ముందు ప్యాలెస్ చూద్దాం. రైలు దిగాక పెడతాను. చార్జింగ్ అయిపోతే ఇద్దరం అడవిలో పడ్డట్టే."

ఆ క్షణమున ఆమె బల్లపై నొక్క గ్రుద్దు గ్రుద్దియుండినచో ఈ కథయే లేదు. గ్రుద్దలేదు. తట్టలోని పండ్లముక్కలను అటునిటు కదలించి లేచెను.

భూగర్భమున పరుగెత్తు రైళ్ళ నిలయమునకు వారు చేరునప్పటికి నేలక్రింద దారి తప్పిన నీలిచుక్క గిరగిర తిరుగ నారంభించెను. ఏ వైపు బండి నెక్కవలయునో తేలక శేషావతారము ఫోనును తలపైకెత్తి పట్టుకొని నాలుగు దిక్కులకును త్రిప్పుచుండెను. బోర్డు ఎదుటనే యుండెను. దానిని చదివి మన బండి యిదియే రండని మగనిని పిలిచి హైమవతమ్మ యెక్కెను. ఆయన ఒక్క నిముషమని వ్రేలు చూపెను. తలుపులు మూసికొనెను. ఆ దేశపు తలుపులకు మొగమాటము లేదు.

ఆమె మఱుసటి నిలయమున దిగి వెనుక బండిలో మగడు వచ్చునని వేదికపై నిలుచుండెను. వచ్చెను. అద్దము గుండ ఆయన యెంతయు స్పష్టముగ కనబడెను. తల వంచుకొని రెండు బొటనవ్రేళ్ళతోడను ఆమెకే సందేశములు వ్రాయుచుండెను. ఆమె చేయి యూపెను. అద్దముపై తట్టెను. పేరు పెట్టి పిలువరాదను నియమమును మఱచి శేషావతారంగారూ యని పిలిచెను. ఆయన తల యెత్తలేదు. భార్యను వెదకుటయందు అంతటి నిమగ్నుడైన భర్తను మోసికొని ఆ బండి కదలిపోయెను.

గోడపైన ఉచిత వైఫై యని బొమ్మ యుండెను. ఆమె యాసతో నొక్కెను. నీ ఫోను నంబరునకు అంకెలు పంపితిమి వానినిచట నింపుమని తెర పలికెను. ఆ యంకెలు పోయినది కాకినాడ బీరువాలో దూది నడుమ నిద్రించు సిమ్మునకు. పోనిమ్ము తన కొఱకొక యీసిమ్మును తానే కొందమన్న కొనుటకు ముందు నెట్టు కావలెను. నెట్టు రావలెనన్న యీసిమ్ము కావలెను. ఏదో విధమున నెట్టు దొరకినను బ్యాంకువారి యంకెలు మఱల ఆ బీరువాకే పోవును. పిచ్చి కుదిరిన గాని పెండ్లి కాదు పెండ్లియైన గాని పిచ్చి కుదరదను సామెత ఈ యంత్రములను చూచియే పుట్టినట్లుండెను. కోపముచేత ఆమె ఫోనును బోర్లించి పట్టుకొనెను. ఆ కోపము యంత్రములపైనిది గాదని ఆమెకు తెలియును.

మెట్లెక్కి వీథికి వచ్చినంతట మూలనొక బండిపై నిప్పులమీద ఆ దేశపు పెంకు కాయలు కాల్చి యమ్ముచున్న స్త్రీ యొకతె కనబడెను. తనకు వచ్చిన యింగ్లీషుతో సగమును చేసైగలతో సగమును హైమవతమ్మ తన యవస్థ తెలిపెను. ఆ స్త్రీకెంత యర్థమయ్యెనో తెలియదు గాని మసిచేతిని తుడుచుకొని తన ఫోను తీసి హాట్‌స్పాటును తెఱచి హైమవతమ్మ ఫోనులో పాస్‌వర్డు తానే నొక్కి యిచ్చెను. బ్యాటరీ యెంత మిగిలినదని చూచుకొనలేదు. ఎంతసేపని యడుగలేదు. తన కాయలు మాడకుండ త్రిప్పుకొనుటలో పడెను. హైమవతమ్మ కన్నులలో నీరు తిరిగెను.

ఫోను వరుసగ మ్రోగెను. మగని సందేశములు తెర నిండ బారులు తీరియుండెను. ఎక్కడ దిగితివని యొకటి. ఉన్నచోటనే యుండుమని యొకటి. బదులేల యీయవని యొకటి. ముందు నెట్టు పెట్టుకొనుమని యొకటి. నెట్టు లేనిదానికి నెట్టు మీదుగ నెట్టు పెట్టుకొనుమని సెలవిచ్చిన ఆ మేధావికి ప్రభుత్వము అన్నియేండ్లు జీతమెట్లిచ్చెనో నాకు బోధపడలేదు. ఆ సందేశముల క్రింద ఉదయము నుండి పడియున్నవి రుఖియా మాటలు.

"హైమా, మా అమ్మాయి టికెట్ మార్చేసింది. మధ్యాహ్నం బండికే వెళ్ళాలి. ఇంటికి రావద్దు, పెద్ద స్టేషన్‌కి వచ్చెయ్. పొద్దున్నే వచ్చి కూర్చున్నాను."

ఆ వెనుక మఱియొకటి.

"ఎక్కడున్నావే? ఒక్కసారి నిన్ను చూసి బండెక్కుతాను."

హైమవతమ్మ వెంటనే ఫోను చేసెను. మ్రోగి మ్రోగి యాగెనే గాని ఆ స్టేషను రొదలో రుఖియా దానిని వినలేదు. వచ్చుచున్నానని వ్రాసెను. బండి వేళ మిక్కిలి చేరువయ్యెను. మగడు వచ్చువరకు ఇచట నిలిచినచో రుఖియా దక్కదు. ఉన్నచోటనే యుండుమను మాటను ఆమె మఱల చదివెను. వంటయింటినుండి వియన్నా వరకు తన బ్రదుకంతయు ఆ యొక్క మాటలోనే యిమిడియున్నట్లు తోచెను. పిమ్మట ఆమె తన దాంపత్యమున నెన్నడును వ్రాయని మాటను వ్రాసి పంపెను.

"రుఖియా కోసం పెద్ద స్టేషన్‌కి వెళ్తున్నాను. మీరు ఉన్నచోటే ఉండండి."

కాయలమ్ము స్త్రీ ట్రాము నిలుచు తావును చూపి ఒక పొట్లము కాయలు చేతిలో పెట్టి ధర పుచ్చుకొనలేదు. ఆ కాయల బండి వదలినతోడనే నెట్టు పోయెను. హైమవతమ్మ దానిని లెక్కచేయక ట్రామెక్కి కిటికీచెంత నిలిచి దారిపొడుగున బోర్డులు చదువుకొనుచు పోయెను. పెద్ద స్టేషను నిజముగనే పెద్దది. మెట్లు తమంతట తామే పైకి పోవుచుండెను. జనము పెట్టెలు దొర్లించుకొనుచు నలువైపుల పరుగెత్తుచుండిరి. రుఖియా యే వేదికపైనున్నదో తెలియదు. అడుగుటకు ఫోను లేదు. ఉన్నదియు లేనట్లే. పైనున్న తెరలయందు ఊళ్ళ పేర్లు మాఱుచుండగా ఉత్తరముగ పోవు బండి నొకదానిని వెదకి పట్టుకొని ఆ పెద్దావిడ పైట నడుమున దోపుకొని మెట్లమీద పరుగెత్తెను.

వేదికపైకి చేరునప్పటికి తలుపులు మూసికొనియుండెను. బండి మెల్లగ కదలుచుండెను. కిటికీలు ఒక్కొక్కటిగ ఆమె ముందు సాగిపోవుచుండగా ఒక యద్దము వెనుక తెల్లజుట్టుపై నీలి ముసుగు వేసికొన్న ముఖమొకటి వేదికనంతటిని ఆబగ వెదకుచు కనబడెను. ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టుటకు రెప్పపాటు చాలెను. రుఖియా లేచి నిలిచి అఱచేయి అద్దమునకానించెను. పెదవులు హైమా యని కదలెను. ఆ శబ్దము బయటికి రాలేదు. హైమవతమ్మ పొట్లమును గుండెకదుముకొని బండి వెంట పరుగెత్తెను. వేదిక ముగిసినచోట నిలిచెను. బండి వంపు తిరిగెను.

శేషావతారము ఉన్నచోట నుండలేదు. ఆమె సందేశము నందుకొని నీలిచుక్కను నమ్ముకొని రెండు బండ్లు తప్పెక్కి సరియైనది మూడవదెక్కి రొప్పుచు అచటికి వచ్చునప్పటికి హైమవతమ్మ ఒక బల్లపై నొంటరిగ కూర్చుండియుండెను. నన్ను విడిచి యెట్లు వచ్చితివని మందలింప నోరు తెఱచిన ఆయన ఆమె ముఖము చూచి మానుకొనెను. ఆమె పక్కన కూర్చుండెను. జేబునుండి ఫోను తీసి ఎవరును అడుగకుండగనే హాట్‌స్పాటును తెఱచెను. మఱుక్షణమున ఆమె యొడిలోని ఫోను మ్రోగెను. ఏ వేదికయో చెప్పుచు రుఖియా వ్రాసినదియు బండి ముందరి పెట్టె చెంత నిలుచున్నానని వ్రాసినదియు ఇక యెక్కుచున్నానని వ్రాసినదియు ఒకదాని వెంట నొకటి దిగివచ్చెను. ఆమె యన్నిటిని చదివెను.

"ఇప్పుడు ఫోన్ చెయ్యి. బాగా వస్తోంది సిగ్నల్. ఎంతసేపైనా మాట్లాడుకో, నేనేం ఆపను," అని ఆయన మెల్లగ ననెను.

హైమవతమ్మ మగనివంక తిరిగి చూచెను.

"ఫోన్లో మాట్లాడ్డానికైతే నేను కాకినాడలో ఉన్నా సరిపోయేది కదండీ. దాన్ని కళ్ళారా చూద్దామని వచ్చాను."

శేషావతారము చేతిలోని ఫోనున సిగ్నలు గీతలన్నియు నిండుగ నిలిచియుండెను. దూరమును చంపు సాధనములను మనుజుడు వేయి కల్పించినను పక్కనున్నవారి తొందరను తన తొందరగ నెంచనేరని వాని చేతిలో నవి యన్నియు బరువులే యగును. ఆ మధ్యాహ్నమంతయు ఆయన ఆ బరువును చేతబట్టుకొని బండి లేని పట్టాలవంక చూచుచు కూర్చుండెను.