ఫిబ్రవరి సంచిలో వేసవి చెప్పులు

థెక్లా సంచి సర్దుకుంటోంది. మంచం మీద బట్టలన్నీ పరిచి ఒక్కొక్కటీ మడతపెట్టి లోపల పెడుతోంది. పక్కన కుర్చీలో కూర్చుని అత్తగారు ఇసిడోర ఆ చేతుల వంకే చూస్తోంది. ఏథెన్స్‌లో ఉన్న చెల్లెలి బిడ్డకి బాప్తిజమని, మూడు రోజుల్లో వచ్చేస్తానని కోడలు ఇంట్లో చెప్పింది. పొద్దుటి బస్సులో పట్నం చేరి, రేవులో ఓడ ఎక్కాలి.

ఇసిడోరకి డెబ్భై నాలుగేళ్ళు. ఆమె సర్దినన్ని సంచులు ఆ వీధిలో ఇంకెవరూ సర్ది ఉండరు. ఆస్ట్రేలియా వెళ్ళే అన్నకి తల్లి సర్దుతుంటే మడతలు పట్టింది. తండ్రికి సర్దింది. ఓడ మీద పనిచేసిన మొగుడికి ఆయన పోయేదాకా సర్దుతూనే ఉంది. అన్నిటికన్నా ఆఖర్న అవసరపడేది అడుగున పెడతారని ఆమె చేతులకి తెలుసు. అందుకే ఉన్ని చొక్కాల కన్నా ముందు, అడుగున, థెక్లా ఏదో కాగితంలో చుట్టిన జత పెడుతుంటే చూపు అక్కడే ఆగింది. కాగితం ఒక పక్క చిరిగి ఉంది. లోపల వేసవి చెప్పులు. బయట ఫిబ్రవరి చలి గాలి తలుపు సందుల్లో ఈల వేస్తోంది.

మూడు రోజుల్లో వచ్చేసే మనిషికి వేసవి చెప్పులెందుకు? పైకి మాత్రం ఇసిడోర, "ఉన్ని మేజోళ్ళు పెట్టుకున్నావా?" అని అడిగింది.

"పెట్టుకున్నానత్తయ్యా" అంది థెక్లా, తలెత్తకుండా.

ఒక్క కేక వేస్తే చాలు. కొడుకు లియోనిస్ వీధి చివర కాఫీ కొట్లోనే ఉన్నాడు. వస్తాడు, సంచి తిరగబోస్తాడు, మధ్యాహ్నానికి ఇల్లు ఎప్పటిలాగే అయిపోతుంది. థెక్లా ఉంటుంది. పొద్దున్నే మోకాళ్ళకి మందు రాసే చేతులుంటాయి, సాయంత్రం పుస్తకం వినే చెవులుంటాయి. కేక వెయ్యకపోతే ఇవేవీ ఉండవు. ఈ వయసులో ఇంకో మనిషిని పంపించుకోలేనని ఇసిడోరకి తెలుసు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ దీవిలో ఆ ఊరి బతుకంతా మాస్టిక్ చెట్ల బంక మీదే. వేసవిలో చెట్లకి గాట్లు పెడితే కారి గడ్డకట్టిన బంకని ఏరుకొస్తారు. చలికాలమంతా ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, చిన్న చాకుతో ఒక్కో చుక్కకీ అంటిన మట్టినీ ఆకుముక్కనీ గీకాలి. సహకార సంఘంలో ఉండే పేరు లియోనిస్‌ది. గీకే చేతులు థెక్లావి. ఇసిడోర వేళ్ళు వంకర్లు పోయి చాకు పట్టనివ్వడం మానేశాక, ఆమె పక్కన కూర్చుని నవల చదివి వినిపించడం మొదలుపెట్టింది. "నోటికి పని, చేతికి సెలవు. మంచి ఉద్యోగమే దొరికిందమ్మా నీకు" అన్నాడు కొడుకు. చదవడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లని బడికి పంపితే బంక ఎవరు గీకుతారన్నారు. ఏ ఓడ ఏ రేవులో ఉందో పత్రికలో చిన్న అక్షరాలతో వేసేవాళ్ళు. తండ్రి ఓడ పేరు వెతుక్కుంటూ వాటిలోంచే అక్షరాలు కూడబలుక్కుంది. ఆ తర్వాత మొగుడి ఓడ పేరు వెతుక్కుంది. "నువ్వు చదివితే ఓడ ముందొస్తుందా ఏంటి?" అనేవాడు మొగుడు పాంటెలిస్. రాలేదు. అయినా చదవడం ఆమెని వదల్లేదు. థెక్లా కాపురానికి వచ్చిన ఏడాది పట్నం నుంచి ఒక ప్రేమ నవల తెచ్చేదాకా, అక్షరాల్లో దొరికేది మనుషులు ఎంత దూరంలో ఉన్నారన్న సంగతి ఒక్కటే అనుకునేది.

అప్పటి నుంచి ప్రేమ నవలల మీద ఆమెకి గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీ చదివేది. "చూసేశారా అత్తయ్యా?" అని థెక్లా ఏడిపిస్తే, "చూడకుండా ఎలా మొదలుపెడతానే? తీరా వాడు వెళ్ళి రాకపోతే నేనేమైపోవాలి?" అనేది. పెద్ద నవలలకన్నా నవలికలే నయమని ఆమె వాదన. వంద పేజీల్లో ఊరొదిలి వెళ్ళడానికి ఎవరికీ తీరిక దొరకదు. పెద్ద నవలైతే సగం దాటేసరికి ఎవరో ఒకరు సంచి పట్టుకుంటారు. ఆ సంచి సర్దడం కూడా ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాలుగు బట్టలు కుక్కుకుని వెళ్ళిపోయిందని. ఎవరు కుక్కుతారలాగ? ఇస్త్రీ లేదా, చలికి దుప్పటి అక్కర్లేదా? ఇంకా కేకుల కొట్లు. ఈ మధ్య నవలల్లో ప్రతి పిల్లకీ ఓ కేకుల కొట్టుంటుంది.

"పొద్దస్తమానం కేకులు చేస్తుంది సరే, ఆ జిడ్డు పళ్ళాలు ఎవరు తోముతారు?"

"దయ్యాలొచ్చి తోముతాయత్తయ్యా."

"మనింటికి కూడా రమ్మనవే ఆ దయ్యాల్ని!"

ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. అత్తగార్లు ఏ నవల్లోనూ సరిగ్గా ఉండరని ఇసిడోరకి మరో ఫిర్యాదు. చచ్చిపోయన్నా ఉంటుంది, లేకపోతే పెద్ద టోపీ పెట్టుకుని నవ్విస్తుంటుంది. "మిమ్మల్ని పెట్టి రాయమందామా?" అంది ఒకసారి థెక్లా. "నన్ను పెడితే అది ప్రేమ నవల ఎలా అవుతుంది? ఎనిమిదో పేజీలో ఆ పిల్ల పారిపోతుంది" అంది ఇసిడోర.

ఆ ముందటి చలికాలం చదివిన నవల్లో నాయకుడు మాట్లాడడు. అలుగుతాడు, తలుపేసుకుంటాడు, వారాల తరబడి పలకడు. ఆ మౌనం వెనక ఎంత ప్రేముందోనని ఆ పిల్ల కరిగిపోతుంది. ఇసిడోరకి వాడు తెగ నచ్చాడు. "లోపల ఎంత బాధ దాచుకున్నాడో పాపం" అని కళ్ళు తుడుచుకుంది. థెక్లా చాకు బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, మీ అబ్బాయి నాతో మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

ఇసిడోర పుస్తకం మూసేసింది. లియోనిస్ కొట్టడు, తిట్టడు. ఊరంతా అదే అంటుంది, బంగారంలాంటి మనిషని. నచ్చని కూర వండితే పళ్ళేన్ని ఒక వేలితో అవతలికి తోసి, అమ్మ వైపు తిరిగి, "ఉప్పెక్కువైందని చెప్పు దానికి" అంటాడు. కోడలు ఎదురుగానే నిలబడి ఉంటుంది. పెళ్ళికి ముందు పట్నంలో మందుల దుకాణంలో పనిచేసిన పిల్ల, కొన్నవాళ్ళందరూ పేరు పెట్టి పిలిచిన పిల్ల. పిల్లలు పుట్టరని తేలిన ఏడాది మొదలుపెట్టాడు ఈ మాట్లాడకపోవడం. "చొక్కా గుండీ ఊడిందని చెప్పు." "పొలానికి నీళ్ళు తెమ్మని చెప్పు." ఇసిడోర చెప్పింది. ఇన్నేళ్ళూ చెబుతూనే వచ్చింది, మధ్యలో తనుండబట్టి కాపురం నిలిచిందని కూడా అనుకుంది. ఆ రోజు మాత్రం ఇంకోటి తట్టింది. పాతికేళ్ళ కుర్రాడు మూతి బిగించుకుంటే ప్రేమని రాస్తారు. వాడికి నలభై దాటాక ఆ మూతి ఎంత బరువో రాయరు, ఎందుకంటే పుస్తకం అప్పటికి అయిపోతుంది. తను ఇన్ని చలికాలాలుగా తన కొడుకునే నాయకుణ్ణి చేసి కోడలికి చదివి వినిపిస్తోంది.

థెక్లా సంచి ఇంకా మూయకముందే తలుపు తోసుకుని లియోనిస్ వచ్చాడు. కొమ్మలు కొట్టే కత్తెర కోసం వచ్చాడు. గుమ్మంలో ఆగి సంచి వంక చూశాడు.

"అమ్మా, మూడు రోజులకి అంత సంచెందుకో అడుగు."

థెక్లా చేతులు సంచి మీదే ఆగిపోయాయి. అడిగింది ఇసిడోరని. జవాబు చెప్పాల్సింది తనే. కోడలితో మాట్లాడనని పట్టుపట్టి, నోరంతా తన చేతిలోనే పెట్టాడు వీడు.

"దాన్నడిగేదేముంది, నేనే పెట్టించాను" అంది. "జాడీలు. ఆలివ్ నూనె, అత్తిపళ్ళ పాకం, రెండు జున్ను ముద్దలు. బాప్తిజానికి వట్టి చేతుల్తో పోతే ఏథెన్స్ వాళ్ళు మనని ఏమనుకుంటారు?"

"ఏదీ, చూడనీ." అడుగు ముందుకేశాడు.

"చూడు. మూత ఊడిందంటే నూనంతా నీ ప్యాంటు మీదే. అది మూడు రోజులుండదు, ఉతకాల్సింది నేను. నా మోకాళ్ళు చూశావా ఎప్పుడన్నా?"

లియోనిస్ నవ్వాడు. "ఏథెన్స్‌లో ఉన్నా మన నూనే కావాలి వాళ్ళకి. సరే, వంట?"

"నేను చేస్తాలే."

"ఉప్పు చూసి వెయ్యి. బుధవారానికల్లా ఇక్కడుండాలని చెప్పు దానికి."

"చెప్పాను."

కత్తెర తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఎప్పుడు తెలిసిందత్తయ్యా?" అంది థెక్లా.

"చెప్పులు పెట్టినప్పుడు."

"మరి..."

"బస్సొచ్చే వేళయింది. జిప్పు లాగు."

సంచికి చెరో పిడీ పట్టుకుని నడిచారు. ఇరుకు సందుల్లో రాళ్ళు తడిగా ఉన్నాయి. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఇసిడోర పిడి వదల్లేదు. తన గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుచుకుంటున్న పొరుగామె ఆర్గిరో పలకరించింది, "అత్తాకోడళ్ళు ఎక్కడికే ఇద్దరూ? లేచిపోతున్నారా?"

"అవును. నీ మొగుణ్ణి కూడా పిలిచాం. చెవుడు కదా, వినిపించుకోలేదు" అంది ఇసిడోర. ఆర్గిరో నవ్వు సందు మలుపు దాకా వినిపించింది. థెక్లా మాత్రం ఏడుస్తోంది.

చర్చి ముందు బస్సాగేచోట ఇంకెవరూ లేరు. నవలల్లో ఇక్కడే ఎవరో పరిగెత్తుకొస్తారు. వానలో తడుస్తూ, ఆగమని అరుస్తూ. ఆ పేజీ దగ్గర ఇసిడోర ప్రతిసారీ ఏడ్చింది. తన బతుకులో ఎవరి కోసమూ ఎవరూ పరిగెత్తలేదు. అన్న ఓడ ఎక్కిన రోజు తల్లి గౌను అంచు పట్టుకుని నిలబడింది తను, అంతే. ఇవాళ పరిగెత్తాలంటే తనే పరిగెత్తాలి. వెళ్ళొద్దని దాని కాళ్ళు పట్టుకోవాలని ఉంది. పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఆ గిన్నెల దగ్గరికే. పరిగెత్తుకొచ్చిన వాడు ఆ పిల్లని మళ్ళీ ఎక్కడికి తీసుకెళుతున్నాడో ఒక్క నవలా చెప్పలేదు, తనూ అడగలేదు.

కొండ మలుపులో బస్సు కనిపించింది.

"ఈస్టరుకి వస్తానత్తయ్యా. ఊళ్ళోకి రాను. పట్నంలో దిగి కబురు పెడతాను, మీరు బస్సెక్కి రండి. మిమ్మల్ని చూడకుండా..."

"రాకు."

థెక్లా తెల్లబోయి చూసింది.

"ఇది విను. వాడు ఊరుకోడు. వాడికి నీతో మాట్లాడ్డం రాదు, కాబట్టి నన్ను వాడుకుంటాడు. అమ్మకి ఒంట్లో బాలేదని, చావుబతుకుల్లో ఉందని, నిన్నే కలవరిస్తోందని ఫోన్ చేస్తాడు. ఎన్ని పుస్తకాల్లో చదివాం మనం? పిల్ల ఎలాగోలా బయటపడుతుంది. ఆఖర్న నాన్నకి గుండెనొప్పి, నాయనమ్మకి కాలు విరగడం. పరిగెత్తుకొస్తుంది. వచ్చాక ఇంక వెళ్ళదు. అందరూ సంతోషిస్తారు. నేనూ సంతోషించేదాన్ని. దాన్నలా పట్టుకున్నారని నాకు తెలియలేదే అమ్మాయ్, ఇన్ని చదివీ తెలియలేదు. నాకేమైందన్నా రాకు. అబద్ధమైనా రాకు. నిజమైతే అసలే రాకు. మాటివ్వు."

"అత్తయ్యా..."

"మాటివ్వు, బస్సొచ్చేసింది."

థెక్లా ఆమె చేయి తీసుకుని కళ్ళకద్దుకుంది. తల ఊపింది. డ్రైవరు దిగి సంచి పైన పడేస్తూ, "ఏం పెట్టారమ్మా ఇందులో, రాళ్ళా?" అన్నాడు. థెక్లా బస్సెక్కింది.

బుధవారం వచ్చింది, వెళ్ళింది. లియోనిస్ మొదట నవ్వాడు, తర్వాత తల్లిని కేకలేశాడు, తర్వాత ఆమెతోనూ మాట్లాడ్డం మానేశాడు. ఇప్పుడు ఉప్పెక్కువైందని చెప్పించడానికి కూడా ఇంట్లో మూడో మనిషి లేదు. వంకర వేళ్ళతోనే ఇసిడోర మళ్ళీ చాకు పట్టింది. పుస్తకాలు తీయలేదు. ఒక్కతే పైకి చదువుకుంటే గొంతు తనది కానట్టు ఉంది, లోపల చదువుకుంటే ఓడల పట్టీలాగే ఉంది. నవంబరులో పెరట్లో బంక కడుగుతూ తడి రాళ్ళ మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో వార్డు బయట నిలబడి లియోనిస్ థెక్లాకి ఫోన్ చేశాడు. అమ్మ నిన్నే అడుగుతోందన్నాడు. ఇసిడోర అడగలేదు. కానీ వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా తల దానంతటదే అటు తిరిగింది. ఎంత ఆపుకున్నా తిరిగింది.

థెక్లా ఆ నవంబరులో రాలేదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఇసిడోరని సమాధి చేసినప్పుడూ రాలేదు. ఆ పైన ఎప్పుడూ రాలేదు.