గడ్డం ఉన్న జింక

మా తుని వైపు వేట అంటే మేక. వేట మాంసం అంటే మేక మాంసం. వేట వేశారంటే మేకని కోశారని. అడవికి వెళ్ళి జంతువుని కొట్టడాన్ని కూడా వేటే అంటాం, కాదనను. ఏ వేట గురించి చెప్తున్నారో మనిషి మొహం చూస్తే తెలిసిపోతుంది. ఫోన్లో మొహం కనపడదు. గొడవంతా అక్కడే వచ్చింది.

బహ్రెయిన్‌లో సఖీర్ దాటి కిందికి వెళ్తే ఇసకా, రాళ్ళూ, చమురు పైపులూ తప్ప ఏమీ ఉండవు. అక్కడ ఒక పెద్దమనిషికి తోట ఉంది. అందులో ముచ్చట కోసం జింకల్ని పెంచుతాడు. సన్నటి కాళ్ళు, తెల్లటి పొట్ట. వాటి మీద చెయ్యి వేస్తే జైలే. తోట బయట కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. మన వీధిలో తోక ఊపే కుక్కలు కావు. ఎడారిలో పుట్టి, గొర్రెల్ని చంపుకు తిని బతికేవి. ఆ కుక్కలు లోపలికి రాకుండా పాత కంచె పీకి కొత్తది వేసే పని సిత్రా లేబర్ క్యాంపులో ఉండే మావాళ్ళకి పడింది. మేస్త్రీ లోవరాజు. అతనికి కుడిభుజం అప్పాజీ. ఇంకో నలుగురు.

ఇంజినీరు శ్రీవత్స సనాబిస్‌లో ఉండే కుర్రాడు. ఇక్కడే పుట్టాడు, చదువు కూడా ఎక్కువ ఇక్కడే. ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు, కాకపోతే అది అమ్మా నాన్నల దగ్గర నేర్చుకున్న తెలుగు, మాంసం కొట్టు ముందు నిలబడి నేర్చుకున్నది కాదు.

కొత్త ఇనప జాలీ రాకుండా పాత కంచె పీకొద్దని లోవరాజు మొత్తుకున్నాడు. పీకెయ్ అని ఆఫీసులో మేనేజరు. ఏసీ గదిలో కూర్చున్నవాడికి కుక్కలు కనపడవు. పీకేశారు. ఖాళీకి ప్లాస్టిక్ పట్టా కట్టారు. గురువారం సాయంత్రం తోట చూసుకునే సుడాన్ పెద్దాయన ఇద్రీస్ లెక్క చూస్తే ఒక పోతు జింక తక్కువైంది. పట్టా చిరిగి ఉంది.

చీకటి పడేదాకా వెతికారు. దొరకలేదు. శనివారం యజమాని వస్తాడు, అప్పటికి జింక లేకపోతే పోలీసుల్ని పిలుస్తాడు, నా చేతుల్లో ఏమీ లేదు అన్నాడు ఇద్రీస్. మేనేజరు అంతవరకు కూడా ఆగలేదు. లేబరే కోసుకు తినుంటారు, లోవరాజు పేరు ఇచ్చెయ్ అని శ్రీవత్సకి ఫోన్లో చెప్పేశాడు. జింక పోతే మొదటి అనుమానం కూలివాడి కడుపు మీదే. కంచె పీకించినవాడి కడుపు ఎవడూ తడిమి చూడడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆషాఢంలో తలుపులమ్మ తల్లి పేరు చెప్పుకుని మావాళ్ళు ఒక మేకని వేస్తారు. ఈసారి పోతుని ముందే కొని, తోటకి కాస్త దూరంలో ఒక బంగ్లాదేశీ భాయ్ మందలో కట్టేసి ఉంచారు. బయట కోస్తే ఎవడన్నా అడ్డం పడతాడని గుట్టుగా పెట్టుకున్నారు. ఆ గురువారమే లోవరాజు తన మనుషులకి ఫోన్లో మాట పంపాడు. అది పోయి శ్రీవత్స కూడా ఉన్న సైటు గ్రూపులో పడింది.

“తమ్ముళ్ళూ, రేపు తెల్లారేసరికి ఏట. పెద్ద కత్తి అప్పాజీ తెస్తాడు. కుక్కలు వాసన పట్టకముందే పని అయిపోవాలి. తలకాయ నాది, ముందే చెప్తన్నాను. ఇంజినీరు గారికి తెలీనివ్వకండి, పాపం, ఆయనకి పడదు.”

శ్రీవత్స విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఆ మాటని అలాగే మేనేజరుకి పంపితే అతని పని అయిపోయేది. ప్రమోషన్ కూడా వచ్చేదేమో. పంపలేదు. ఈ కుర్రాడి మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే. జింక ఇంకా బతికే ఉంటే ఆపుదామని శుక్రవారం పొద్దున్నే కారేసుకుని వచ్చాడు.

మంద వెనక రాటకి వేలాడుతోంది తల లేని శరీరం. తోలు సగం వచ్చింది. శ్రీవత్స కారు దిగీ దిగకుండానే అడిగాడు.

“చంపేశారా లోవరాజు గారూ?”

మాంసం ముట్టని పిల్లాడు రక్తం చూసి బెదిరిపోయాడనుకున్నాడు లోవరాజు. ఓదార్చబోయాడు.

“మరేం చేస్తాం బాబూ, మొక్కు. ఏటా ఒకటి వేస్తామండి.”

“ఏటా వేస్తారా? ఇన్నేళ్ళలో ఎవరూ లెక్క చూడలేదా?”

“లెక్కెందుకండి, కొనుక్కున్నదేగా.”

“అది కొంటే వచ్చేదా? రేపు పోలీసులు వస్తారు, మీ పేరు చెప్తారు, మీరేమో తోలు తీస్తున్నారు.” కుర్రాడి భయం తన కోసమేనని లోవరాజుకి అప్పుడు అర్థమైంది. సంగతి మాత్రం అర్థం కాలేదు. అప్పాజీకి అర్థమైంది. గోనెపట్టా కింద ఉన్న తలకాయని కొమ్ములు పట్టుకుని పైకెత్తాడు.

“గడ్డం ఉన్న జింకని ఎక్కడన్నా చూశారా బాబూ?”

అందరూ పడీపడీ నవ్వారు. శ్రీవత్స బండకి ఆనుకుని, నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాడు. వేట అంటే ఏంటో వంతులవారీగా పాఠం చెప్పారు.

నవ్వు తగ్గాక అప్పాజీకి ఒక అనుమానం వచ్చింది. ఇంత నెత్తురు పారితే ఒక్క కుక్క కూడా రాలేదేమిటన్నాడు. కుక్కలన్నీ రోడ్డు పక్కన పడేసిన పెద్ద పైపుల దగ్గర కూర్చున్నాయి, ఇప్పుడే చూసుకుంటూ వచ్చానన్నాడు శ్రీవత్స. ఊరికే కూర్చుంటాయా కుక్కలు? జింక అక్కడే ఉండి ఉండాలి. అప్పాజీ కత్తి తుడుచుకుని లేచాడు. అతని తండ్రి రంపచోడవరం కొండల్లో జింకల వేటకి తిరిగినవాడు. జింకని కొట్టడం సగం పనే, నక్కలూ రేసుకుక్కలూ చేరేలోగా ఇంటికి తేవడం మిగతా సగం అనేవాడట. దారిలో పేగులు పడేస్తూ వచ్చేవాడట, కుక్కలు వాటి దగ్గర ఆగిపోతాయని.

మేకని మొత్తంగా శ్రీవత్స కారు డిక్కీలో పడేశారు. గుడ్డు ఉడకని ఇంటి కారు. అతను కాదనలేదు.

వాటిలో ఒక పైపు ఒక పక్క ఇసకతో పూడిపోయి ఉంది. రెండో పక్క నోరు ముందు కుక్కలు. లోపల చీకట్లో కొమ్ములు, వాటి కింద రెండు కళ్ళు. బతికే ఉంది. ఆ కొమ్ములకి భయపడి కుక్కలు లోపలికి దూరలేదు. దాహం వేస్తే అదే బయటికి వస్తుందని కాచుకున్నాయి.

అప్పాజీ దూరంగా పేగులు విసిరాడు. కుర్ర కుక్కలు పరిగెత్తాయి. పెద్దవి కదల్లేదు. తండ్రి విద్య అక్కడికి అయిపోయింది. కాలేయం విసిరారు, ఒక తొడ విసిరారు. ఇంకొన్ని పోయాయి. చెవి తెగిన ఎర్రకుక్క ఒకటి పైపు నోటి ముందే కూర్చుని, తొడ వైపు చూసి మళ్ళీ జింక వైపు తిరిగింది. మనుషులు రాళ్ళు ఎత్తితే పళ్ళు చూపించింది.

లోవరాజు డిక్కీలోంచి తలకాయ తీశాడు. తలుపులమ్మకి చూపించి తినాల్సింది. కాసేపు చేతిలో పట్టుకున్నాడు. తరవాత ఎర్రకుక్క ముక్కు ముందుకే దొర్లించాడు. అది కొమ్ము పట్టుకుని ఈడ్చుకుంటూ పోయింది, మిగతావి దాని వెనక పడ్డాయి. అంతలో శ్రీవత్స కారు వెనక్కి తెచ్చి పైపు నోటికి అడ్డం పెట్టాడు. పెయింట్ అంతా గీసుకుపోయింది. అప్పాజీ కారు కిందనుంచి పాకి, గోనెపట్టాతో లోపలికి దూరాడు. తన్నులూ, బూతులూ, ముంజేతి మీద కొమ్ము గాటూ అయ్యాక జింకని కాళ్ళు కట్టి లాక్కొచ్చాడు.

వెనక సీట్లో లోవరాజు ఒళ్ళో దాని తల. గుండె కొట్టుకోవడం తన తొడకి తెలుస్తోందన్నాడు.

తోట దగ్గర ఇద్రీస్ తొట్టి నింపాడు. జింక తాగింది, తాగింది, తాగుతూనే ఉంది. అది తల ఎత్తాక శ్రీవత్స అక్కడే నిలబడి మేనేజరుకి ఫోన్ చేశాడు. జింక దొరికింది, లోవరాజు పట్టాడు, ఈ రోజు జాలీ రాకపోతే కంచె ఎవరు పీకమన్నారో యజమానికి నేనే చెప్తానన్నాడు. శుక్రవారం కుదరదని అటునుంచి ఏదో నసిగాడు. మధ్యాహ్నానికి జాలీ వచ్చింది. అడిగితే వస్తుంది. అడగాలి.

సాయంత్రం సిత్రా క్యాంపులో మిగిలిన మాంసం కుప్పలు పోశారు. లోవరాజు తునికి ఫోన్ చేసి, తలకాయ కుక్కల పాలు చేశానని భార్య సుబ్బాయమ్మతో భయంభయంగా చెప్పాడు. ఆవిడ తిట్టింది, తరవాత జింక బతికిందా అని అడిగింది, బతికిందంటే అయితే పోన్లే అంది. అప్పాజీ శ్రీవత్సకి కూడా ఒక కుప్ప పెట్టాడు. తిన్నా తినకపోయినా వేటలో ఉన్నవాడికి వాటా ఉండాల్సిందేనట. ఆ వాటాని లోవరాజు కుప్పలో కలిపేసి, గోంగూర పచ్చడితో అన్నం కలుపుకున్నాడు కుర్రాడు.

అన్నాలయ్యాక నలుగురూ బకెట్లతో కారు మీద పడ్డారు. ఆ వాసనతో సనాబిస్ వెళ్తే ఇంట్లోకి రానివ్వరు. శ్రీవత్స కూడా ప్యాంటు మడిచి గుడ్డ అందుకున్నాడు. డిక్కీ కడిగారు, తలుపులు కడిగారు. అప్పాజీ వెనక సీటు దులపబోతే ఆపాడు.

“అక్కడ వదిలెయ్యండి అప్పాజీ గారూ. జింక వెంట్రుకలు కాసిని ఉండనివ్వండి.”