గడిలో చెట్టు

మళ్ళీ అదే తప్పు, నాలుగు పక్కలా గీతలు గీసి గడి మూసేశాను, ఇప్పుడు లోపల చెట్టును ఎక్కడ పెట్టను, కొమ్మలు గోడలకు తగులుతున్నాయి, తలుపు చివర వెయ్యాలి నానమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మూడు గోడలు కట్టు, చెట్టును లోపలికి పంపు, అప్పుడు కింద గీత గీసి మూసెయ్, అంటోంది మనవరాలు, మా చైనీస్ టీచరైతే ఈపాటికి నిన్ను బెంచీ ఎక్కించేది, ఎక్కించనీ, నేను బడి ముఖం చూసిందెప్పుడు, చదవడం నేర్చుకున్నదే పొట్లం కాగితాల మీద, సగం వార్త చిరిగిపోయి ఉండేది, దొంగ దొరికాడో లేదో ఎప్పటికీ తెలిసేది కాదు, మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా, ఈ వయసులో నీకు చైనా అక్షరాలేమిటి, అని నవ్విన నా కొడుకు ఇవాళ మాత్రం డ్యూటీ మార్చుకుని తెల్లారకముందే బస్సెక్కాడు, కూతురు వెళ్ళిపోతుంటే చూడలేడట, చూడడానికి నేనున్నానుగా, కంటికి ఆపరేషన్ చేయించింది అందుకేనేమో.

నాలుగక్షరాల సామెత, 困兽犹斗, మొదటిది గడిలో చెట్టు, అంటే చిక్కుబడడం, రెండోది మృగం, పైన చెవులు, కింద నోరు, మిగతా రెండూ కలిసి, అయినా పోరాడుతుంది అని, ఓస్ ఇంతేనా, పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని మేమెప్పుడో అన్నాం అంటే, వాళ్ళది మొదట్నుంచీ మృగమే నానమ్మా, మనదే పాపం పిల్లి, అని నవ్వింది, ఈ నవ్వు రేపు ఈ బల్ల దగ్గర ఉండదు, కోర్టువాళ్ళు పిల్లను తల్లికిచ్చారు, నెలకో ఆదివారం మాకట, కోడలికేమో వేరే ఊళ్ళో ఉద్యోగం, పిల్ల మొదట్లో వస్తుంది, తర్వాత ఫోన్ చేస్తుంది, ఆ తర్వాత మనం చేస్తే ఎత్తుతుంది, నాకు తెలీదా, మా తమ్ముడు ఇల్లు విడిచి వెళ్ళినప్పుడు పెరట్లో బట్టలారేస్తున్నాను, లారీ చప్పుడొకటే విన్నాను, ఆసుపత్రిలో మా ఆయన పోయినప్పుడు కింద మందుల కొట్టు ముందు వరసలో నిలబడ్డాను, ఎవరూ నాకు చెప్పి వెళ్ళలేదు, అందుకే పొద్దున పాల ప్యాకెట్లు లోపలికి తెస్తూనే గడియలు వేశాను, పైదీ కిందదీ.

అత్తయ్యా, తలుపు తీయండి, టాక్సీ నిలబెట్టి వచ్చాను, కోడలే, కాగితాల్లో కాకపోయినా నా నోటికింకా కోడలే, వినబడనట్టు పెన్సిలు చెక్కుతున్నాను, కోర్టూ, కొడుకూ, ఈవిడా కలిసి మూలకు తోసిన ముసలి పిల్లిని నేను, ఇవాళ గోళ్ళు చూపిస్తాను, ఆ రెండో అక్షరం ఇంకోసారి రాసి చూపించు తల్లీ, మీ అమ్మ ఆగుతుందిలే, పిల్ల మళ్ళీ చెవుల దగ్గర్నుంచి మొదలెట్టింది, బయట్నుంచి, అత్తయ్యా, మీమీద నాకేం కోపం లేదు, వింటున్నారా, మళ్ళీ తలుపు మీద వేళ్ళు, ఉలిక్కిపడి పెన్సిలు జారవిడిచాను, బల్ల కిందకు దొర్లింది.

వంగితే బూట్లు, ఇంట్లో ఎప్పుడూ చెప్పులైనా వేసుకోని పిల్ల కాళ్ళకు బూట్లు, లేసులు రెండేసి ముళ్ళు, పాదాల మధ్య నీళ్ళ సీసాతో సహా సర్దిన సంచీ, దాని పట్టీ చీలమండకు చుట్టుకుని ఉంది, ఎప్పుడు తొడుక్కుంది, పాలు తాగేటప్పటికే తొడుక్కుందా, తలుపు చప్పుడైనప్పుడల్లా బూటు ముందుకు కదిలి ఆగుతోంది, కదిలి ఆగుతోంది, పైన బల్ల మీదేమో నెమ్మదిగా నాకు అక్షరాలు దిద్దిస్తోంది, నడుం పట్టుకుని లేచి కూర్చుని ఇంకో గడి గీశాను, చూసి గీయలేదు, చెయ్యి దానంతటదే గీసింది, మూసేశావు నానమ్మా, అంది పిల్ల, కాగితం మీంచి కళ్ళెత్తకుండా, చాలా చిన్నగా, పెద్ద జంతువుకు దగ్గరగా నిలబడి మాట్లాడినట్టు, ఇంతసేపూ గదిలో పెట్టిన పిల్లిని నేననుకున్నాను, గడియలు వేసిన చేతులు నావి, లోపల కొమ్మలు ముడుచుకుని కూర్చున్నది ఇది, దాని చుట్టూ ఉన్న నాలుగు గీతలూ నేనే.