వచ్చు, రాదు

అక్క ఒక బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. ఆమె తమ్ముడికి నలభై దాటాయి, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. ఏ మాటైనా తీర్పు చెప్పినట్టు నింపాదిగా చెబుతాడని వీధిలో అందరూ అతన్ని జడ్జిగారు అనేవారు. ప్రభుత్వం జీతమిచ్చే సహాయకురాలు పొద్దున్నే వచ్చి, అతన్ని ఇలాంటివాళ్లను పగలంతా చూసుకునే కేంద్రానికి తీసుకెళ్లి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండేది. ఆ అండతోనే అక్క మిషను తొక్కగలిగేది.

ఆ ఏడు ఖర్చు తగ్గించుకోవాలని ప్రభుత్వం ఎవరికెంత సాయం కావాలో ఇంటింటికీ వచ్చి మళ్లీ చూడసాగింది. అలాంటి సాయమే అందుకుంటున్న ఎదురింటి అమ్మాయి అధికారుల ముందు ముచ్చటగా జడ వేసుకుని చూపించిందట. నెల తిరక్కుండా ఆ పిల్లకు సాయం ఆపేశారు. ఆ సంగతి విన్నప్పటినుంచి అక్కకు కంటిమీద కునుకు లేదు. ఎవరేమడిగినా రాదని చెప్పమని తమ్ముడికి నూరిపోసింది.

“నాకు టీ పెట్టడం వచ్చు కదా,” అన్నాడు జడ్జిగారు.

“ఆ రోజుకి రాదు,” అంది.

వచ్చిన అధికారి మెత్తగా మాట్లాడే మనిషి. తడి గొడుగు గుమ్మం బయటే పెట్టి లోపలికొచ్చింది. ఆ మెత్తదనమే అక్కకు నచ్చలేదు. గోడమీది ఫొటో బాగుందంటే, మాటల్లో పెట్టి ఏదో లాగడానికే అనుకుంది. వంటగది వైపు తొంగిచూస్తే, టీ గిన్నె కంటపడిందేమోనని భయపడింది.

తమ్ముడు ప్రతి ప్రశ్నకూ ముందు అక్క మొహం చూసి, తర్వాత రాదనేవాడు. స్నానం చేయడం రాదు. చొక్కా తొడుక్కోవడం రాదు. పొద్దున ఆ చొక్కా తొడుక్కున్నది తనే. అధికారి, పోనీ ఏం చేయడం ఇష్టమని అడిగింది. టీ పెట్టడమన్నాడు. అక్క కళ్లెర్రజేసేలోపే లేచి స్టవ్ దగ్గరికి వెళ్లిపోయాడు.

కప్పును రెండు చేతులా పట్టుకుని అతను తెస్తుంటే, అక్క చూపంతా అధికారి కలం మీదే ఉంది. ఇక అంతా అయిపోయిందనుకుంది.

అధికారి టీ తాగి, బాగుందని మెచ్చుకుని, మామూలుగా అడిగింది: “అక్క ఇంట్లో లేదనుకోండి. స్టవ్ మీద గుడ్డ పడి అంటుకుంది. ఏం చేస్తారు?”

“అక్కని పిలుస్తా.”

“అక్క లేదు కదండీ.”

జడ్జిగారు ఆలోచించాడు. “వచ్చేదాకా పిలుస్తా.”

కలం కదిలింది. అక్కకు అమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే మంట పక్కన నిలబడి తమ్ముడు తనను పిలుస్తున్నట్టు కళ్లకు కట్టింది.

గుమ్మం దగ్గర అధికారి గొంతు తగ్గించి, “రాదని నేర్పక్కర్లేదమ్మా. ఒక్కడే ఉండగలడా లేదా, నేను చూసేది అదే,” అంది.

“మరి ఎదురింటి పిల్ల ఉండగలదా?”

అధికారి గొడుగు విప్పుకుంది.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది. సహాయకురాలిని ఇంకో ఏడాది ఉంచుతారట, తర్వాత మళ్లీ వచ్చి చూస్తారట. ఏడాదే ఎందుకో అక్కకు అంతుపట్టలేదు. ఈసారి చెప్పాపెట్టకుండా వస్తారేమో అనుకుంది.

మర్నాడు సహాయకురాలు వచ్చేసరికి జడ్జిగారు బనీనుతోనే కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒళ్లో ఉంది.

“తొడుక్కోలేదేంరా?”

“ఇవాళ నాకొచ్చా, రాదా అక్కా?”

అక్క గుమ్మంలో నిలబడ్డ సహాయకురాలి వైపు చూసింది. ఈవిడ మాత్రం ఈ కబురు అధికారులకు మోయదని ఏముంది? తమ్ముడిని పక్కగదిలోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పింది.

“వచ్చు. తొడుక్కో.”