చర్మం కింది వెలుగు

అది 1978. హనుమకొండ చౌరస్తాలో ఫోటో స్టూడియో నడిపే లక్ష్మీనారాయణకు పొద్దున్నుంచి కాలు నిలవడం లేదు. ఊళ్లో ఎవరూ చూడని ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము అతని చేతికొచ్చింది. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టర్ శ్రీనివాస్ దాన్ని తెప్పించి, విద్యార్థులకు చూపడానికి చర్మం కింది నరాలను ఫోటో తీయమన్నాడు. లక్ష్మీనారాయణ భార్య కళావతి చెయ్యే కావాలన్నాడు. కిందటేడు ఆమెకు జ్వరమొస్తే, సూది గుచ్చడానికి నరం దొరక్క నర్సులకు చెమటలు పట్టాయి మరి.

కళావతి బల్ల మీద చెయ్యి చాపింది. అత్త రాజేశ్వరి కెమెరాకు బిగించిన నల్లటి అద్దాన్ని అనుమానంగా చూసింది.

"గిది తోలు కింద సుత చూస్తదా, డాక్టర్ సాబ్?"

"చూస్తదమ్మా. మన కండ్లకు కనవడని వెలుగు గది. లోపలికి దిగి, ఉన్నది ఉన్నట్టు పట్టిస్తది."

కళావతి చటుక్కున చెయ్యి లాక్కుని కడుపు మీద కొంగు కప్పుకుంది.

"కదలకు కళా!" అన్నాడు లక్ష్మీనారాయణ.

"జర ఆగుండ్రి. ఫోటోల కనవడేకంటే నేనే చెప్త. అత్తమ్మా, నేను నీళ్లోసుకున్న. మూడో నెల. ఐతారం చెప్దామనుకున్న."

డాక్టర్ పగలబడి నవ్వుతూ స్టూలు మీద కూలబడ్డాడు.

"అయ్యో చెల్లె! ఆ వెలుగు బియ్యపు గింజంత లోతు దిగుడే ఎక్కువ. ఆడ్నే చెదిరిపోతది. కడుపుల బిడ్డను ఏడ చూస్తది?"

"నా బంగారు తల్లీ!" అంటూ రాజేశ్వరి కోడలి బుగ్గలు పుణికి, మిఠాయి కోసం చెప్పుల్లేకుండానే బజారుకు పరుగెత్తింది. లక్ష్మీనారాయణ ఆనందంలో మీట నొక్కేశాడు. మొదటి ఫోటోలో చెయ్యికి బదులు గోడ పడింది. రెండోది నవ్వులకు ఊగిపోయింది. మూడోదానికి డాక్టరే కళావతి మోచెయ్యి పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

చిమ్మచీకటి గదిలో లక్ష్మీనారాయణ ఫిల్ము కడిగాడు. సాయంత్రానికి ఫోటో వచ్చింది. మైనంలా తెల్లటి చెయ్యి, దాని మీద నల్లటి నరాలు కొమ్మలు కొమ్మలుగా చీలి కనిపించాయి.

"ఇగో, ఇంత లావు నరం!" అని ఎగిరి గంతేశాడు డాక్టర్.

చీకటి గదిలో కడగకుండా కత్తిరించి దాచిన ఫిల్ము ముక్కలో ఇంకో ఫోటోకు చోటు మిగిలింది. డాక్టర్ దంపతులిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తీశాడు. దాన్నీ కడిగి చూస్తే, పొద్దున్నే నున్నగా గీయించుకున్న లక్ష్మీనారాయణ గడ్డం చర్మం కిందినుంచి నల్లగా బయటపడింది.

"గీ గడ్డపాయన ఎవరు?" అంది కళావతి, నోటి నిండా జిలేబీతో.