వెలుతురు కొలత

రొట్టెల బండి ముందు సీట్లో రెండు కెమెరాలనూ ఒళ్ళో పెట్టుకుని, పాతదాని అద్దాన్ని కోటు అంచుతో తుడుస్తున్నాడు నజీఫ్. వెనక చెక్క అరల్లో అప్పుడే పొయ్యిలోంచి తీసిన రెండు వందల రొట్టెలున్నాయి. ఉపవాసం ఉన్నవాడికి పొద్దున్నే ఆ వాసన చిన్న శిక్షేం కాదు. డ్రైవరు స్తోయ్కో క్రైస్తవుడే అయినా రంజాన్ మొదలైన దగ్గర్నుంచి బండిలో సిగరెట్టు ముట్టించలేదు.

"అద్దం దించుకో అన్నా. వాసన బయటికి పోతుంది."

"చలి లోపలికొస్తుంది కదరా."

"చలి తింటే ఉపవాసం చెడదులే."

నజీఫ్ అద్దం దించాడు. రోడోపీ కొండల మీద బీచ్ చెట్లు అక్టోబరు ఎండకి రాగి రంగు తిరిగాయి.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పనిలోకి వెళ్ళేటప్పుడు మెడలో టై ఉంటుంది, దాని ముడి రోజూ భార్యే వేస్తుంది. ముక్కాలి స్టాండు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. ముప్పై ఏళ్ళుగా కింద పట్నంలో సహకార సంఘం ఫొటో దుకాణంలో పనిచేస్తున్నాడు. పెళ్ళిళ్ళు, సైన్యానికి వెళ్ళే కుర్రాళ్ళు, పాడె మీద ముసలివాళ్ళు, అన్నీ తీశాడు. అతని నోట కాదు, కూడదు అన్న మాట ఎవరూ విని ఎరగరు. వసంతంలో ముస్లింలంతా పేర్లు మార్చుకోవాలని పైనుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు కూడా వరసలో నిలబడి సంతకం చేశాడు. నజీఫ్‌గా గదిలోకి వెళ్ళినవాడు నికోలాయ్‌గా బయటికొచ్చాడు. ఆ రోజు అన్నం దగ్గర భార్య సానియేతో, "పప్పులో ఉప్పెక్కువైంది" అని మాత్రం అన్నాడు. ఆమె ఆ రోజు పప్పు వండలేదు.

కొత్త పేర్లకు కొత్త గుర్తింపు కార్డులు, కార్డులకు ఫొటోలు. అందుకని సంఘం అతన్ని కొండ ఊళ్ళకు పంపింది. ఆడవాళ్ళు తలగుడ్డ తీయాలి, రెండు చెవులూ కనబడాలి. ఇది పన్నెండో ఊరు, బుకోవ్‌దోల్.

ఈ నెలలో ఈ దారుల్లో తిరుగుతూ అతను చూసినవి చాలా ఉన్నాయి. మసీదులకు తాళాలు. అరుగుల మీద పొగాకు దండలు గుచ్చుతున్న ఆడవాళ్ళ నల్లటి వేళ్ళు. పక్కనే నీటి ధార పారుతున్నా దాని వంక చూడని మొహాలు. ఉపవాసం ఉన్న మనిషి మొహం మధ్యాహ్నానికి మారుతుందని అతను ఇన్నేళ్ళుగా గమనించనే లేదు. చర్మం పలచబడి, ఎముక పైకొచ్చి, కళ్ళు ముందుకు వస్తాయి. అలాంటి మొహం ఫొటోకి పెన్సిలుతో దిద్దుబాటు అక్కర్లేదు. ఎవరూ ఏమీ మాట్లాడరు. కాని మధ్యాహ్నం ఒక్క పొగగొట్టంలోంచీ పొగ రాదు. ఊళ్ళన్నీ కలిసి అంటున్న ఆ ఒక్క మాటకి ఎవరిమీద కేసు పెడతారు?

బడి గదిలో పార్టీ కార్యదర్శి దాంబోవ్ కొత్త పేర్ల జాబితాతో కూర్చున్నాడు. బల్ల మీద నీళ్ళ కూజా, గ్లాసులు. వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడం మర్యాద కోసం కాదని, ఉపవాసం ఉన్నదెవరో పట్టుకోవడానికని అందరికీ తెలుసు. ముందు గ్లాసు నజీఫ్‌కే అందింది.

"తాగు నికోలాయ్. దూరం నుంచి వచ్చావు."

నజీఫ్ గ్లాసు తీసుకుని, కిటికీలో వాడిపోతున్న పూలకుండీలో పోశాడు.

"కడుపులో పుండు కామ్రేడ్. సాయంత్రం దాకా ఏదీ ముట్టొద్దన్నాడు డాక్టరు."

"ఎన్నాళ్ళట?"

"ముప్పై రోజులు."

వరసలో ఎవరో దగ్గారు. దాంబోవ్ జాబితా మూలన ఏదో రాసుకున్నాడు.

పని మొదలైంది. ఒక్కొక్కరినీ రెండుసార్లు తీశాడు నజీఫ్. ముందు తన సొంత పాత కెమెరాతో, తలగుడ్డతోనో టోపీతోనో, ఉన్నదున్నట్టుగా. తర్వాత సంఘంవాళ్ళ కొత్త కెమెరాతో, చెవులు కనబడేలా.

"మొదటిది దేనికి?" అన్నాడు దాంబోవ్.

"వెలుతురు కొలవడానికి."

దాంబోవ్‌కు ఫొటోల సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు.

పాత కెమెరా దగ్గర నజీఫ్ గొంతు తగ్గించేవాడు. "మూడు అనగానే నీ పేరు చెప్పుకో తల్లీ. పైకి వినబడక్కర్లేదు." ఏ పేరు అని ఒక్కరూ అడగలేదు. ఎండిన పెదాలు కదిలేవి. ఇంతకుముందు పదకొండు ఊళ్ళలో అతనికి ఈ ధైర్యం చాలలేదు. తలగుడ్డ తీసి ఒళ్ళో మడిచిపెట్టుకుని, తన చెవులను తనే దాచుకోబోయిన ఒక కొత్త కోడలిని నిన్న చూశాక, అటకమీది పాత కెమెరా దించాడు.

ముప్పై నలుగురయ్యాక సెల్వియే అవ్వ వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, చేతులు మోచేతుల దాకా పొగాకు జిగురు. మొదటి ఫొటోకి నిటారుగా కూర్చుంది. రెండోదానికి తలగుడ్డ తీయనంది.

"తీయకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే బస్సెక్కలేవు, ఆసుపత్రికి పోలేవు," అన్నాడు దాంబోవ్.

"నడిచి పోతా. నడవలేని రోజున నన్ను పోవాల్సిన చోటికి నలుగురు మోసుకుపోతారు. వాళ్ళు కార్డు అడగరు నాయనా."

దాంబోవ్ లేచి ఆమె తల మీదికి చెయ్యి చాచాడు.

"ఫిల్మ్ అయిపోయింది," అన్నాడు నజీఫ్.

చెయ్యి ఆగింది. "అబద్ధం. ఏదీ, తెరిచి చూపించు."

నజీఫ్ ఒక్క క్షణం కొత్త కెమెరా వైపు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి నడిచి, దాని వెనక మూత తెరిచి, ఫిల్మంతా మూరలు మూరలుగా ఎండలోకి లాగాడు. ముప్పై నాలుగు బోడి తలలూ, ముప్పై నాలుగు కొత్త పేర్లూ వెలుతురులో పోయాయి.

"ఇప్పుడు అయిపోయింది," అన్నాడు.

అతని గొంతు ఎప్పటిలాగే ఉంది.

దాంబోవ్ పట్నానికి ఫోను చేయడానికి పరుగెత్తాడు. ఊళ్ళోంచి కదలొద్దని, జీపు వస్తుందని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ లోపల నజీఫ్, రీలుకు పన్నెండు ఫొటోలే పట్టే పాత కెమెరాలోంచి మూడో రీలు తీసి, నిండిన మరో రెండింటితో కలిపి బయట బండి దగ్గరున్న స్తోయ్కో చేతిలో పెట్టాడు. స్తోయ్కో ఒక రొట్టెను చీల్చి వాటిని లోపల కుక్కాడు.

"సానియేకి ఇవ్వు. ఫిల్మ్ కడగడం దానికి తెలుసు."

"మరి నువ్వో?"

"అవ్వ ఇంట్లో తింటా."

పొద్దు వాలింది. మసీదుకు తాళం కాబట్టి కొండ పైఇంటివాళ్ళు వసారాలో తెల్ల దుప్పటి దులిపారు. ఊరికి అదే అజాన్. సెల్వియే పులిసిన పిండి చారు, బంగాళాదుంపల రొట్టె, ఎండు రేగుపళ్ళు నానబెట్టిన నీళ్ళు ముందు పెట్టింది.

"ఉద్యోగం ఊడుతుంది నీకు."

"ఊడనీ అవ్వా. ముప్పై ఏళ్ళుగా కదలకండి, కదలకండి అని అందరికీ చెప్పాను. నేనూ కదలకుండానే కూర్చున్నాను."

"చారు చల్లారుతోంది. మాటలు తర్వాత."

రెండో గిన్నె సగంలో ఉండగా జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడ్డారు. నజీఫ్ లేవలేదు. చారు పూర్తిచేసి, రొట్టెముక్కతో గిన్నె తుడిచి తిని, ప్రార్థన ముగించి అరచేతులు మొహం మీద రాసుకుని అప్పుడు లేచాడు.

"పేరు?" అన్నాడు కాగితం పట్టుకున్నవాడు.

"నజీఫ్."

"ఇందులో నికోలాయ్ అనుంది."

"అయితే వాణ్ణి వెతుక్కోండి."

అయినా అతన్నే తీసుకెళ్ళారు. ఉత్తరాన మైదానంలో ఒక ఇటుకల బట్టీలో పనికి పంపారు. సానియే కూడా వెంట వెళ్ళింది. వెళ్ళేముందు, స్నానాలగదిలో ఎర్రదీపం పెట్టుకుని తన పని తను చేసింది. పండగ పొద్దున బుకోవ్‌దోల్‌లో రొట్టెలతోపాటు ముప్పై ఐదు ఫొటోలు దిగాయి. తలగుడ్డల కింద, టోపీల కింద, సగం తెరుచుకున్న నోళ్ళు. చూసినవాళ్ళందరికీ ఆ నోళ్ళు ఏమంటున్నాయో వినబడింది. శీతాకాలంలో మరో ఫొటోగ్రాఫరు వచ్చి అందరికీ కార్డులు చేయించి వెళ్ళాడు. సెల్వియే మాత్రం వెళ్ళలేదు. బస్సూ ఎక్కలేదు.

నజీఫ్ తిరిగి రాలేదు. మూడో ఏడు బట్టీ దగ్గరే పోయాడని స్తోయ్కో ఒక పొద్దున రొట్టెలు అందిస్తూ చెప్పాడు. సమాధి రాయి మీద ఏ పేరు చెక్కారో అతనికి తెలియలేదు.

సెల్వియే ఇంట్లో పొయ్యి పక్కన మేకుకి, ఆ సాయంత్రం మింగడానికి అడ్డమని అతను మెడలోంచి తీసి తగిలించిన టై ఇంకా వేలాడుతోంది, సానియే వేసిన ముడితోనే.