మృతక్రిమి కవచము

దేహమునకు కావలివారిని సృజించిన పరమేశ్వరుడు వారికి ఎప్పుడు ఆగవలయునో ఏల నేర్పడయ్యెనను సందేహము ఈ కథ చెప్పువాని మనస్సున బహుసంవత్సరములుగా నున్నది. సంధ్యాదీపము వెలిగించి నమస్కరించు వేళనే అది మొలచును. అడుగుట అపరాధము కాదను ధైర్యముతో ఈ వృత్తాంతము చెప్పబడుచున్నది.

శరత్కాలప్రభాతమున నిర్మేఘమైన నభోమండలము క్రింద విశాఖపట్టణ సముద్రము కరగిన వెండివలె కదలుచుండగా కొండవాలుననున్న పరిశోధనాలయమున వకుళ యను వనిత సూక్ష్మదర్శినికి కన్నానించి కూర్చుండెను. ముందునాడు ఆమె అత్తగారి చేతులమీదుగా ఆయుధపూజ జరిగినందున యంత్రములన్నియు కుంకుమపు బొట్లతో నుండెను.

ఆమె భర్త ప్రద్యుమ్నుడు రక్తమున క్రిములు చేరిన జ్వరమున మరణించెను. మందులు క్రిములనన్నిటిని చంపినవని వైద్యులు చెప్పిన మరునాడే అతడు పోయెను. ఆసుపత్రి వసారాలో అత్తగారు కామేశ్వరమ్మ కోడలి చేయిపట్టుకొని "పురుగు చచ్చిందన్నారు గదే, మరి నా కొడుకెందుకు పోయాడు?" అని యడిగెను. రక్తక్రిముల విద్యయే చదివిన కోడలు బదులు పలుకలేదు. నాటినుండి ఒకే యింట వండుకొని తినుచున్నను ఆ సమాధానము వారినడుమ బాకీగా నిలిచెను. దుఃఖించుట సైతము మరచి తిమ్మిరెక్కిన మనస్సుతో వకుళ దానికొరకే పనిచేయుచుండెను.

చచ్చిన క్రిమి పైపెంకున విషము మిగిలియుండును. దానికి నీలికాంతిలో పచ్చగా మెరయు రంగునంటించి నెత్తుటిలోని తెల్లకణములపై వదలినచో అది ఏ కణమునంటినదో ఆ కణమెట్లు రెచ్చినదో కంటికి తెలియును. కణముపై నొక ద్వారమున్నదనియు దానిని ముందుగా మూసినచో విషమంటదనియు వకుళ వాదము. తెల్లకణములు పోసిన మూడు గాజుపళ్లెములలో ఒకదానియందు విషము వేసెను. ఒకదానియందు ద్వారము మూసి విషము వేసెను. మరియొకదాని నేమియు వేయక విడిచెను. ఆ యుదయమున మూడును వెలిగెను.

గురువు సర్వేశ్వరరావు తొంగిచూచెను.

"ఏమీ వెయ్యని పళ్లెం కూడా వెలుగుతోందేంటమ్మా? దీపావళికింకా ఇరవై రోజులుంది."

వకుళ నవ్వకుండుట చూచి ఆయన మరల అడిగెను.

"రేపు మనకి డబ్బిచ్చే కమిటీవాళ్లకేం చెప్పను? ఇది తేలకపోతే పని ఆపేయమంటారు."

"ఆపేయమంటే ఆపేద్దాం సార్."

సాయంకాలమున కంచము ముందు కూర్చున్న కోడలిని చూచి కామేశ్వరమ్మ "ఏటే, అన్నం అలా కెలుకుతున్నావు? కూరలో ఉప్పెక్కువైందేటి?" అనెను.

"లేదత్తయ్యా. వెలగకూడనిది వెలిగింది. అన్నీ ఆ గోధుమరంగు సీసాలో నీళ్లతోనే కడిగేను, తేడా ఎక్కడొచ్చిందో తెలీడం లేదు."

"ఆ సీసాయా? నిన్న పూజకి దాన్నే కదే కలశం చేసేను! మెడదాకా నీళ్లున్నాయని మూత తీసి చిటికెడు పసుపేసి మామిడాకులు పెట్టేను. అంతమంది చదువుకున్నోళ్లున్నారు, ఒక్కరూ వద్దన్లేదు మరి!"

పసుపునకు ఆ నీలికాంతిలో తనంతతానే పచ్చగా మెరయు గుణము కలదు.

"నా కణాలకి పెళ్లి చేసేసారు కదత్తయ్యా" అని వకుళ నిర్వికారముగా పలికి అన్నము కలుపుకొనెను.

మరునాడు క్రొత్తనీటితో పని మరల సాగెను. ఏమియు వేయని పళ్లెము చీకటిగా నుండెను. విషము వేసినది వెలిగెను. ద్వారము మూసినది చీకటియై నిలిచెను. సర్వేశ్వరరావు వానిని మరిమరి చూచి తలయూపి కమిటీవారి కడకేగెను. వకుళ అత్తగారిని పిలిపించి తన కుర్చీయందు కూర్చుండబెట్టి వెలిగిన పళ్లెమును సూక్ష్మదర్శినిలో చూపెను.

"ఇదేటే, ఇలా ఉబ్బిపోతున్నాయి?"

"పురుగు చచ్చిందత్తయ్యా. డాక్టర్లు చెప్పింది అబద్ధం కాదు. ఈ పచ్చగా మెరిసేది దాని పెంకు. దీన్ని చూసి బెదిరిపోయి మన రక్తంలో కాపలావాళ్లే మంట పెట్టేస్తారు. ఆ మంటలోనే ఆయన పోయారు."

"అయితే వాణ్ణి చంపింది వాడి నెత్తురేనా?"

"చంపాలని కాదు. కాపాడాలనే."

"ఆపేవాళ్లు లేరా?"

"అదే వెతుకుతున్నాం."

కామేశ్వరమ్మ మరల సూక్ష్మదర్శినికి కన్నానించెను.

"వాడి లోపల కూడా ఇలాగే వెలిగుంటాయా?"

"లేదత్తయ్యా. రంగు వేస్తేనే కనిపిస్తుంది. ఆయన లోపల అంతా చీకట్లోనే జరిగింది."

వసారాలో పడిన బాకీ ఇట్లు తీరెను. తీరిన పిదప వకుళకు బరువు దిగినట్లును తోపలేదు శోకము తిరిగి వచ్చినట్లును తోపలేదు. కామేశ్వరమ్మ మాత్రము మెల్లగా లేచి కోడలిని భుజములు పట్టి ఆ కుర్చీయందు కూర్చుండబెట్టి తాను గోడకానుకొని నిలిచెను.